ఆర్వో ప్యూరిఫయర్: ఏళ్ల తరబడి వాడాక తేలిన లెక్క

ఇది గోడకు తగిలించే, ఎనిమిది లీటర్ల ట్యాంకున్న ఆర్వో-యూవీ మెషిన్ గురించి. కంపెనీ పేరుతో పని లేదు, మూత తీస్తే అన్నిట్లోనూ దాదాపు అదే సామాను: బయట మట్టిని పట్టే స్పన్ ఫిల్టరు, లోపల సన్న మట్టిని పట్టే సెడిమెంట్ ఫిల్టరు, కార్బన్ ఫిల్టరు, 24 వోల్టుల పంపు, నీళ్లను కరెంటుతో తెరిచి మూసే సోలినాయిడ్ వాల్వు, 75 లేదా 80 జీపీడీ (రోజుకు అన్ని గ్యాలన్లు) మెంబ్రేన్, అంటే లవణాలను ఆపే పొర, క్రిములను చంపే యూవీ లైటు, ట్యాంకు నిండగానే పంపును ఆపించే ఫ్లోటు. ‘ఏడు స్టేజీలు’, ‘తొమ్మిది స్టేజీలు’ అనేవి వీటినే విడివిడిగా లెక్కపెట్టి చెప్పేవి. కాపర్, ఆల్కలైన్ గొట్టాలకు అదనంగా పెట్టే డబ్బు నా దృష్టిలో దండగ.

షాపుకు వెళ్లే ముందు మీ కుళాయి నీళ్ల టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల మొత్తం) చూసుకోండి. పెన్నులాంటి మీటరు కొన్ని వందల్లో వస్తుంది. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే దిక్కు లేని చోట 2,000 దాకా ఒప్పుకుంటారు. నది నీళ్లు నేరుగా నల్లాలో వచ్చి, మీటరు 500 లోపే చూపిస్తే, ఇతర దోషం లేదని తేలాక యూవీ మెషిన్ చాలు. అపార్ట్‌మెంట్లలో చిక్కేమిటంటే నల్లా, బోరు, ట్యాంకరు అన్నీ ఒకే సంపులో పడతాయి. వానాకాలంలో ఒక అంకె, ఏప్రిల్‌లో దానికి రెట్టింపు. అందుకే ఎండాకాలంలో కూడా ఒకసారి కొలవాలి.

మీటరు చెప్పనిది ఫ్లోరైడ్. నల్గొండ వైపు, కనిగిరి వైపు బోరు నీళ్లు వాడేవాళ్లు ల్యాబులో పరీక్ష చేయించాల్సిందే. ఫ్లోరైడ్ పరిమితి లీటరుకు 1 మిల్లీగ్రాము, గరిష్ఠంగా 1.5. కాచితే అది పోదు, నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. ఇక్కడ ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది: ‘టీడీఎస్ కంట్రోలర్’ అనే చిన్న మర చేసేది మెంబ్రేన్ గుండా వెళ్లని నీళ్లను శుద్ధి నీళ్లలో కలపడమే. రుచి కోసం టెక్నీషియన్ దాన్ని తిప్పి వెళ్తాడు. ఫ్లోరైడ్ ఉన్న ఊళ్లో అది పూర్తిగా మూసి ఉండాలి, లేదంటే కొన్నదే వృథా.

ఇక ఖర్చు. మెషిన్ 14,000, ఏఎంసీ (ఏడాది నిర్వహణ ఒప్పందం) ఏడాదికి 4,000 అనుకోండి. మొదటి ఏడాది వారంటీ పోగా తర్వాతి నాలుగేళ్లకు 16,000, అంటే మెషిన్ ధర కన్నా ఎక్కువే. అదీ మెంబ్రేన్ కలిసిన ఏఎంసీ అయితేనే. చాలా చోట్ల చౌకగా ఇచ్చేది ‘సర్వీసు ఏఎంసీ’: మనిషి వస్తాడు, పార్టులకు వేరే బిల్లు. మెంబ్రేన్, కార్బన్, పంపు, అడాప్టరు ఏవి చేరాయో కాగితం మీద రాయించుకోండి. అంతకన్నా ముఖ్యం, మామూలు సైజు మెంబ్రేన్ పట్టే మోడల్ కొనడం. కంపెనీ సొంత ఆకారపు కాట్రిడ్జి ఉంటే ధర వాళ్లిష్టం.

నీళ్ల వృథా తక్కువేం కాదు. లీటరు మంచినీళ్లకు మూడు లీటర్లు రిజెక్టు అయ్యే (మెంబ్రేన్ దాటలేక బయటికి పోయే) మెషిన్‌లో రోజుకు 20 లీటర్లు తీస్తే 60 లీటర్లు కాలువ పాలు, ఏడాదికి దాదాపు 22,000 లీటర్లు. 600 టీడీఎస్ నీళ్లు పోస్తే రిజెక్టు 800 దగ్గర ఉంటుంది. బకెట్లో పట్టి బాత్రూము కడగడానికి వాడుకోవచ్చు, కుండీ మొక్కలకు రోజూ పోయకూడదు. నీళ్లు ఆదా చేసే మోడళ్లు బాగానే ఉంటాయి కానీ కఠినమైన బోరు నీళ్లు వాడితే వాటి మెంబ్రేన్‌కు త్వరగా సున్నం పడుతుంది.

పాడయ్యే తీరు తెలిస్తే సగం బిల్లు తప్పుతుంది. ట్యాంకు నెమ్మదిగా నిండుతుంటే ‘మెంబ్రేన్ పోయింది’ అంటారు. ముందు మంచినీళ్ల టీడీఎస్ చూడండి. అంకె మునుపటిలాగే ఉండి ధార మాత్రం సన్నబడితే మొదట అనుమానించాల్సింది స్పన్, తర్వాత సెడిమెంట్, కార్బన్. కంట్రోలర్ మూసి కొలిచినప్పుడు, లోపలికి వెళ్లే నీటి అంకెలో ఐదో వంతు దాటి బయటికొస్తే మెంబ్రేన్ మార్చాలి. నల్లా నీళ్లలోని క్లోరిన్ మెంబ్రేన్‌ను తినేస్తుంది, దాన్ని ఆపేది కార్బనే. కాబట్టి మునిసిపల్ నీళ్లున్నవాళ్లు కార్బన్ విషయంలో పిసినారితనం చేయొద్దు. ట్యాంకు నిండినా పంపు ఆగకపోతే మొదట ఫ్లోటు చూడాలి. పంపు ఆగినా రిజెక్టు పైపు కారుతుంటే సోలినాయిడ్ వాల్వు. యూవీ బల్బు నీలంగా వెలుగుతున్నంత మాత్రాన పని చేస్తోందని కాదు. దాదాపు 9,000 గంటల తర్వాత దాని శక్తి తగ్గిపోతుంది.

ఊరెళ్లి వచ్చాక ట్యాంకును రెండుసార్లు నింపి పారబోయాలి. పార్టు మార్చినప్పుడల్లా తేదీని మూత లోపల మార్కరుతో రాయండి, తీసిన పాత పార్టు మీ దగ్గరే ఉంచుకోండి. ఏఎంసీ కట్టినా మనిషి రాకపోతే బిల్లు, కాగితం ముందు పెట్టుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. కంపెనీకి ముందే రాసిన ఫిర్యాదు నంబరు చెబితే పని తేలికవుతుంది.