గ్వాంగ్‌జౌ హోటళ్ళ బఫే టిఫిన్: పొయ్యి దగ్గరికే వెళ్ళండి

చైనాలోని గ్వాంగ్‌జౌలో ఏప్రిల్‌లో, అక్టోబర్‌లో జరిగే పెద్ద వాణిజ్య ప్రదర్శన కాంటన్ ఫెయిర్‌కి వెళ్ళే మనవాళ్ళు చాలామంది హోటల్ టిఫిన్‌ని బ్రెడ్డు, జామ్, ఉడికిన గుడ్డుతో సరిపెట్టేసుకుంటారు. ఆ హాల్లో అన్నిటికన్నా నాసిరకం ఆ బ్రెడ్డు బల్లే. అక్కడివాళ్ళ ప్లేట్లు చూడండి: అన్నీ పొయ్యి దగ్గర నుంచో, ఆవిరి బుట్టల నుంచో వచ్చినవే ఉంటాయి.

నూడుల్స్ కౌంటర్లో గోధుమవి, బియ్యప్పిండివి, పచ్చి ఆకుకూరలు వరసగా పెట్టి ఉంటాయి. కావలసినవి వేలితో చూపిస్తే జల్లి గరిటెలో వేసి మరిగే నీళ్ళలో నిమిషంపాటు ముంచి తీస్తారు. శాకాహారులు మోసపోయేది ఆ తర్వాతే. "బు యావ్ రౌ", అంటే మాంసం వద్దు అని చెబితే పైన వేసే ముక్కలు మానేస్తారంతే. పోసే సూప్ చాలాచోట్ల ఎముకలు కాచిందే. "బు యావ్ తాంగ్" అని సూప్ కూడా వద్దనండి. సోయా సాస్, నల్ల వెనిగర్, ఉల్లికాడలు, అడుగున దిగిన కారం తగిలేలా ఒక చెంచా మిరప నూనె వేసి కలుపుకోండి. వెంటనే తినాలి, ఐదు నిమిషాలు ఆగితే ముద్ద కడుతుంది.

ఈ ఊరి ప్రత్యేకత చాంగ్‌ఫెన్. కళ్ళముందు వేసి ఇచ్చే హోటల్ దొరికితే అదృష్టమే. జారుగా కలిపిన బియ్యప్పిండిని పళ్ళెంలో పలచగా పోసి ఆవిరి పెట్టె అరలోకి తోస్తారు. ఒకటి రెండు నిమిషాల్లో తెల్లదనం పోయి గాజులా మారుతుంది, అక్కడక్కడ బుడగలా ఉబ్బుతుంది. దాన్ని గీకి, మడతలుగా చుట్టి, కాస్త తీపిగా ఉండే సోయా సాస్ పోస్తారు. గుడ్డు, పందిమాంసం కీమా అడక్కుండానే వేసేస్తుంటారు కాబట్టి పిండి పోయకముందే "జాయ్ చాంగ్" అనాలి, అంటే లోపల ఏమీ వేయనిది. ముందే చుట్టి ట్రేలో పెట్టింది రబ్బరులా సాగుతుంది, దాన్ని ముట్టుకోకండి.

బుట్టల్లో పైన పువ్వులా విచ్చుకున్న బన్ను పందిమాంసంది. దౌషా బావ్‌లో తియ్యటి ఎర్ర బీన్స్ ముద్ద, నాయ్‌హువాంగ్ బావ్‌లో గుడ్డు, పాల కస్టర్డ్ ఉంటాయి. ముల్లంగి కేకు చూడ్డానికి పక్కా శాకాహారమే, కానీ అందులో సాసేజ్, ఎండురొయ్యలు సన్నగా తరిగి కలుపుతారు. ఫ్రైడ్ రైస్‌లోనూ హ్యామ్ ముక్కలు మామూలే. లేబుల్ మీద "నియు" అంటే గొడ్డుమాంసం, "జూ" అంటే పంది. ఉత్త "రౌ" అని రాస్తే పందే అనుకోండి. ఫోన్లో కెమెరా అనువాదం పెట్టుకుంటే ఇదంతా తేలిక.

మన కడుపుకి నిజంగా హాయిగా ఉండేది తెల్ల జావ. బియ్యం పూర్తిగా విరిగి కలిసిపోయేదాకా ఉడుకుతుంది, ఉప్పు వేయరు. నల్లటి ముక్కలు కనిపిస్తే అది నిలవ గుడ్డు, పందిమాంసం కలిపిన రకం. పక్కన వేయించిన పల్లీలు, ఊరవేసిన ఆవ దుంప ఉంటాయి. పులియబెట్టిన టోఫు బఠాణీ గింజంత చాలు, ఉప్పు కషాయంలా ఉంటుంది. ఆవకాయ వెంట తీసుకెళ్తే ఈ జావలోకి అద్భుతం. పెరుగు మాత్రం చాలావరకు తీపిది, పెరుగన్నం ఆశ పెట్టుకోవద్దు. యౌత్యావ్ అనే పొడుగు నూనె వేపుడు కొత్త ట్రే వచ్చినప్పుడే తీసుకుని వేడి సోయా పాలలో ముంచి తినండి, దీపం కింద ఉండిపోయింది తోలులా సాగుతుంది.

ఫెయిర్ తలుపులు 9:30కి తెరుస్తారు కనుక ఎనిమిదింటికి హాలు కిటకిటలాడుతుంది. టిఫిన్ మొదలయ్యే వేళకే దిగితే నూడుల్స్ దగ్గర క్యూ ఉండదు. గది బుక్ చేసేటప్పుడు "షువాంగ్ జావ్" అని ఉంటే ఇద్దరికీ టిఫిన్ ఉన్నట్టు, "వూ జావ్" అంటే లేనట్టు. మధ్యస్థాయి హోటల్లో విడిగా కొంటే మనిషికి సుమారు 30 నుంచి 60 యువాన్లు. శాకాహారికి ఆ డబ్బు గిట్టుబాటే, అన్నీ తినేవాళ్ళకి మాత్రం వీధి చివర చాంగ్‌ఫెన్ దుకాణం అంతకన్నా చవక, అంతకన్నా రుచి.