పాల్స్ కార్డు నాలుగుసార్లు రెన్యూ చేయించుకున్నాక

పిల్లల ఎమర్జెన్సీలో పనిచేయడం మొదలుపెట్టి తొమ్మిదేళ్లు దాటింది. చేరిన కొత్తలో పాల్స్ కోర్సు, అంటే ప్రాణాపాయంలో ఉన్న పిల్లలను కాపాడే శిక్షణ, పూర్తిగా చేశాను. కార్డు గడువు రెండేళ్లే కాబట్టి ఇప్పటికి నాలుగుసార్లు రెన్యూ చేయించుకున్నాను. డాక్టర్ల శిక్షణకు లెక్కేసే క్రెడిట్ పాయింట్ల కోసం ఆన్‌లైన్ క్లాసులు కూడా చాలానే విన్నాను. నాలుగేళ్లుగా మా వార్డులోనే నెలకోసారి పది నిమిషాల డ్రిల్, అంటే బొమ్మను పెట్టుకుని ఎమర్జెన్సీ సాధన, చేస్తున్నాం. మూడింటిలో ఒక్కటే ఉంచుకోమంటే నేను ఆ డ్రిల్‌నే ఉంచుకుంటాను. ఎందుకో చెబుతాను.

ముందు పాల్స్ సంగతి. కోర్సు బాగుంటుంది, మళ్లీ చేస్తాను కూడా. బిడ్డను ముట్టుకోకముందే గుమ్మం దగ్గర నుంచే మూడు విషయాలు చూడటం నాకు అలవాటు చేసింది అదే: చురుగ్గా ఉందా, ఊపిరికి ఆయాసపడుతోందా, ఒంటి రంగు ఎలా ఉంది. ఈ రోజుకీ నా ప్రతి కేసు అక్కడే మొదలవుతుంది. రెన్యూవల్ వల్ల ఇంకో మేలు, పాత అలవాట్లు బయటపడతాయి. గుండె ఆగితే, శ్వాసనాళంలో ట్యూబ్ వేసి ఛాతీ నొక్కుతున్న బిడ్డకు ఆరు సెకన్లకోసారి శ్వాస ఇవ్వాలని నేర్చుకున్నాను. 2020 గైడ్‌లైన్స్ దాన్ని నిమిషానికి 20 నుంచి 30కి మార్చాయి. చదివినప్పుడు అర్థమైంది, కానీ శ్వాస ఇచ్చే బ్యాగ్ పట్టుకున్న చెయ్యి మాత్రం ఆరు లెక్కపెట్టుకుంటూనే ఉంది. ఇన్‌స్ట్రక్టర్ పక్కన నిలబడి ఆపితే గానీ మారలేదు.

అయితే రెండేళ్లు చాలా దూరం. ఒకసారి రెన్యూవల్ అయిన ఏడు నెలలకు, లోతు కొలిచే బొమ్మ మీద ఛాతీ నొక్కి చూశాను. పసిబిడ్డకు ఛాతీ మందంలో మూడో వంతు, అంటే దాదాపు 4 సెంటీమీటర్లు నొక్కాలి, వేగం నిమిషానికి 100 నుంచి 120 ఉండాలి. నేను 130 దాటిపోతున్నాను, లోతు సరిపోవడం లేదు. నాకేమో చాలా బాగా చేస్తున్నట్టే అనిపించింది. ఆ రోజు నిజంగా భయం వేసింది.

ఆన్‌లైన్ క్లాసుల్లో ఎక్కువ భాగం గుర్తులేదు. చివరి ప్రశ్నలకు వీడియో చూడకుండానే జవాబు పెట్టేయొచ్చు. ఒక ప్యాకేజీలో అయితే బ్రాంకియోలైటిస్‌కు (పసిపిల్లల ఊపిరితిత్తుల్లోని చిన్న గొట్టాలకు వచ్చే వైరస్ జబ్బు) సాల్బుటమాల్ మందును ఆవిరిలా పీల్పించడమే సరైన జవాబుగా ఉంది. అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2014లోనే అది వద్దంది. వాళ్లకు రాశాను, జవాబు రాలేదు.

కానీ ఒక్క క్లాసు నా పనినే మార్చింది, అది చెప్పకపోతే అన్యాయం. ఫీస్ట్ ట్రయల్ అనే పరిశోధన మీద ఉపన్యాసం అది. ఉగాండా, కెన్యా, టాంజానియాల్లో తీవ్రమైన జ్వరంతో, రక్తప్రసరణ తగ్గి వచ్చిన 3 వేల మందికి పైగా పిల్లల మీద చేసి 2011లో ప్రచురించారు. వెంటనే బోలస్ (నరంలోకి ఒక్కసారిగా వేగంగా ఎక్కించే ద్రవం) ఇచ్చిన గుంపుల్లో 48 గంటల్లో సుమారు 10.5 శాతం మంది చనిపోయారు, ఇవ్వని గుంపులో 7.3 శాతం. అక్కడ ఐసీయూ సదుపాయాలు లేవు కాబట్టి ప్రతి షాక్‌కూ (రక్తప్రసరణ ప్రమాదకరంగా తగ్గడం) ఇది వర్తించదు. అయినా అప్పటిదాకా నేను ఆలోచించకుండా బరువులో కిలోకు 20 మి.లీ. ద్రవం ఎక్కించేసేవాణ్ణి. ఇప్పుడు 10 మి.లీ. ఇచ్చి ఆగుతాను, కాలేయం పెరిగిందా అని చేత్తో చూస్తాను, ఊపిరితిత్తులు విని అప్పుడు మళ్లీ ఇస్తాను.

ఇక డ్రిల్. మొదటిసారి బొమ్మ ఏడు నెలల బిడ్డ, బరువు 8 కిలోలు, నాడి లేదు. గుండెను మళ్లీ కొట్టించేందుకు 'అడ్రినలిన్' అన్నాను. డోసు కిలోకు 0.01 మి.గ్రా., అంటే 1:10,000 ద్రావణం 0.8 మి.లీ. ట్రేలో ఉన్నది 1:1000 ఆంప్యూల్, అంటే పది రెట్లు గాఢమైన మందు; పలచన చేయాలి.

'పది మి.లీ.కి కలపనా సార్?' అని సిస్టర్ అడిగారు. నేను అవుననేలోపు ఇంకొకరు 10 మి.లీ. సిరంజి ఎక్కడుందని వెతుకుతున్నారు. మందు లోపలికి వెళ్లేసరికి స్టాప్‌వాచ్‌లో 2 నిమిషాల 50 సెకన్లు. అందరం ఒక నిమిషం అయి ఉంటుందనుకున్నాం.

ఆ సాయంత్రమే ఆంప్యూల్, సెలైన్, సిరంజి, లేబుల్ ఒకే కవర్లో పెట్టాం. బరువుల వారీగా మి.లీ.లు రాసిన చార్టు గోడకు అంటించాం. మరుసటి నెల 50 సెకన్లు పట్టింది. ఏ కోర్సు చేసినా మా ట్రేలో ఉన్న ఈ లోపం బయటపడేది కాదు.

కొన్నాళ్లకు 12 కిలోల పాప ఫిట్స్‌తో వచ్చింది, నరం దొరకలేదు. నేను నోరు తెరిచేసరికే సిస్టర్ సిరంజి చూపిస్తూ 'మిడజోలమ్ 2.4 మిల్లీగ్రాములు, ముక్కులోకి, ఇస్తున్నాను' అన్నారు. అది ఫిట్స్ ఆపే మందు. '2.4, ముక్కులోకి, ఇవ్వండి' అన్నాను. తల్లి పక్కన నిలబడి ఏం జరుగుతోందో ఆమెకు చెప్పడానికి ఒక మనిషి అప్పటికే ఉన్నారు. అది కూడా డ్రిల్‌లో పెట్టుకున్న పద్ధతే.

ఇబ్బందులు లేకపోలేదు. పేషెంట్లు ఎక్కువైతే డ్రిల్ రద్దవుతుంది. నైట్ డ్యూటీ వాళ్లకు చాలాకాలం అందలేదు. ఒకసారి డ్రిల్ అయ్యాక జరిగే చర్చ తిట్లలోకి దిగింది, ఒక జూనియర్ రెండు నెలలు రాలేదు. ఇప్పుడు ఏది బాగా కుదిరింది, వచ్చేసారి ఏం మార్చాలి అని మాత్రమే మాట్లాడుకుంటాం. ఇంకో ముఖ్యమైన జాగ్రత్త: డ్రిల్‌కి వాడిన గడువు తీరిన ఆంప్యూల్ ఒకటి అసలు ట్రేలోకి వెళ్లిపోయింది. అదృష్టం కొద్దీ మర్నాడు సరుకు లెక్కలో దొరికింది. అప్పటి నుంచి వాటికి ఎర్ర టేపు చుట్టి, వేరే డబ్బాలో తాళం వేసి పెడుతున్నాం. మీరు మొదలుపెడితే మొదటి రోజే ఈ పని చేయండి.

వచ్చే ఏడాది కార్డు మళ్లీ రెన్యూ చేయిస్తాను. ఆన్‌లైన్ చందా మాత్రం ఆపేశాను. ఈ నెల డ్రిల్ అనఫిలాక్సిస్ (ప్రాణాల మీదకు వచ్చే తీవ్రమైన అలర్జీ), రాత్రి పదకొండుకి పెట్టాం. తొడ కండరంలోకి అడ్రినలిన్ పడేదాకా ఎవరూ ఐవీ (నరంలోకి సూది) కోసం పరుగెత్తకూడదు. స్టాప్‌వాచ్ ఈసారి నైట్ సిస్టర్ చేతిలో ఉంటుంది.