పల్నాటి నాపరాళ్లు, బావ జేబులో ట్రైలోబైటు

అమెరికాలోని ఉటాలో ఉండే మా బావకి ట్రైలోబైట్ల పిచ్చి. అంటే ఎప్పుడో అంతరించిపోయిన, పెంకున్న పురుగుల్లాంటి సముద్రజీవుల శిలాజాలు. అక్కడ డెల్టా అనే ఊరికి పడమరగా ఓ క్వారీ ఉందట. డబ్బు కట్టి లోపలికెళ్లి, పలకరాళ్లు చీల్చి దొరికినవి ఇంటికి తెచ్చుకోవచ్చట. సంక్రాంతికి వచ్చి, "మన దగ్గర అవి దొరకవని తెలుసురా, రాయి చూద్దాం పద" అన్నాడు. గుంటూరులో కారు మాట్లాడుకున్నాం.

మొదటి మజిలీ విజయవాడ. బస్టాండు దగ్గర దిగిన లాజ్ గురించి ఎంత తక్కువ చెబితే అంత మంచిది. ఇరవై నాలుగు గంటల చెక్ఔట్ అని బుకింగులో రాసి, పొద్దున్నే పదింటికి తలుపు బాదారు. ఇంకొంచెం పెట్టుకోగలిగితే బెరం పార్కులో కృష్ణ ఒడ్డున ఉన్న టూరిజం హోటలే నయం. బందరు రోడ్డులో బాపు మ్యూజియం తప్పక చూడండి, పింగళి వెంకయ్య 1921లో గాంధీజీకి జెండా చూపించింది ఆ ఆవరణలోనే. శిలాజాల కోసమైతే వెళ్లక్కర్లేదు. ఉండవల్లి గుహలు ఎండెక్కకముందే చూసెయ్యాలి.

మేం ఎక్కువసేపు ఉన్నది అమరావతి మ్యూజియంలో. శుక్రవారం సెలవు, చూసుకుని బయల్దేరండి. ఆ శిల్పాలన్నీ పల్నాటి సున్నపురాయివే. అంటే ఒకప్పటి సముద్రం అడుగున పేరుకున్న సున్నం మీద చెక్కినవి. బావ బొమ్మల్ని వదిలేసి రాయి అంచులే చూస్తుంటే అక్కడి కాపలాదారు రెండుసార్లు దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

పిడుగురాళ్ల వైపు ఓ క్వారీలోకి తెలిసినవాళ్ల ద్వారా అనుమతి తీసుకుని వెళ్లాం. సున్నపు బట్టీల పొడి, మాస్కు లేకుండా వెళ్లకండి. ఉలి పెట్టి తడితే నాపరాయి పొరగా విడిపోయింది, రెండు వైపులా నున్నగా, ఖాళీగా. ఆ రాయి ట్రైలోబైట్లు పుట్టకముందే గట్టిపడిపోయింది. అవి సుమారు 52 కోట్ల ఏళ్ల కిందట కనిపించి, 25 కోట్ల ఏళ్ల కిందటి మహావినాశనంలో పూర్తిగా పోయాయి. మన దేశంలో కావాలంటే స్పితి, కాశ్మీర్ వైపు వెళ్లాలి.

అప్పుడు బావ జేబులోంచి దూదిలో చుట్టిన నల్లటి ముక్క తీశాడు. ఎల్రాథియా కింగీ అనే జాతి ట్రైలోబైటు, బొటనవేలి గోరంత. డ్రైవరు వంగి చూసి "బొద్దింకా సార్?" అన్నాడు. నిలువునా మూడు పాయలు, అడ్డంగా సన్నటి కణుపులు. తలకి రెండు పక్కలా ఉండాల్సిన చెంపలు లేవు. "జంతువు కాదు, కుబుసం" అన్నాడు బావ. పెరిగేకొద్దీ పెంకు విడుస్తాయి కాబట్టి ఇలాంటివే ఎక్కువ దొరుకుతాయట. భయమేస్తే చాలా జాతులు మన రోకలిబండ పురుగులా చుట్టుకునేవి. నాకు బాగా నచ్చింది మాత్రం కళ్ల సంగతి. వాటి కటకాలు కాల్సైట్‌వి. ఆ బట్టీల్లో కాలుస్తున్న సున్నపురాయిలో ఉన్నదీ ఆ ఖనిజమే!

తిరుగుదారిలో ఓ రంగురాళ్ల దుకాణంలో "మొరాకో ట్రైలోబైటు" అని ఒకటి అంటగట్టబోయారు. బావ భూతద్దం పెట్టి వెన్ను మీద సూదిమొనంత బుడగ గుంటలు చూపించాడు, రెసిన్ పోతపోసిందన్నమాట. మొరాకో నుంచి అసలువీ వస్తాయి, నకిలీలూ వస్తాయి. లెన్సు లేకుండా కొనొద్దు.

మన చుట్టుపక్కల శిలాజం కళ్లారా చూడాలంటే ఒంగోలు దగ్గరి వేమవరం గురించి చదువుకుని వెళ్లండి. అక్కడి రాళ్లలో డైనోసార్ల కాలం నాటి ఆకుల అచ్చులున్నాయి. వేసవిలో మాత్రం వద్దు.