ఎస్‌క్యూలైట్ షెల్, పీఎస్‌క్యూఎల్: టెర్మినల్‌లో దేనితో మొదలుపెట్టాలి?

ఎస్‌క్యూలైట్, పోస్ట్‌గ్రెస్ రెండూ డేటాబేస్‌లు; ఎస్‌క్యూలైట్ షెల్, పీఎస్‌క్యూఎల్ వాటికి టెర్మినల్ నుంచి ఆదేశాలిచ్చే ప్రోగ్రాములు. టెర్మినల్‌లో ఎస్‌క్యూలైట్3 అని కొట్టి, పక్కన డేటాబేస్ ఫైలు పేరు ఇస్తే చాలు, పని మొదలుపెట్టొచ్చు. సర్వర్, పోర్టు, పాస్‌వర్డ్ టెన్షన్ ఏదీ లేదు. ఫైలు పేరు మరిచిపోతే మాత్రం డేటా అంతా మెమరీలోనే ఉంటుంది, బయటికి రాగానే పోతుంది. నేను ఒక సాయంత్రం చేసిన పనంతా అలాగే పోయింది.

పోస్ట్‌గ్రెస్ కోసం వాడే పీఎస్‌క్యూఎల్‌కు ముందు సర్వర్ నడుస్తూ ఉండాలి. హోస్టు, పోర్టు, యూజర్, డేటాబేస్ చెప్పాలి. పోర్టు మామూలుగా 5432. డేటాబేస్ పేరు ఇవ్వకపోతే యూజర్ పేరునే డేటాబేస్ పేరు అనుకుంటుంది. ఆ పేరుతో డేటాబేస్ లేదన్న ఎర్రర్ చూసి కొత్తవాళ్లు కంగారుపడతారు, పడనక్కర్లేదు. పాస్‌వర్డ్‌ను హోమ్ ఫోల్డర్‌లోని డాట్ పీజీపాస్ ఫైల్లో దాచుకోవచ్చు. లినక్స్‌లో దాని అనుమతులు 0600 పెట్టండి, అంటే మీరు మాత్రమే చదవగలరు, రాయగలరు. ఇతరులు చదవగలిగేలా ఉంటే పీఎస్‌క్యూఎల్ ఆ ఫైలును పక్కన పెట్టేస్తుంది. ఈ కట్టుదిట్టం నాకు చాలా నచ్చుతుంది.

సెట్టింగులకు రెండింటికీ హోమ్‌లో ఒక్కో ఆర్‌సీ ఫైలు (మొదలవగానే చదివే సెట్టింగుల ఫైలు) ఉంటుంది. డేటాబేస్‌లతో మాట్లాడే భాష ఎస్‌క్యూఎల్ నేర్చుకునేవాళ్లకు నేను ఎస్‌క్యూలైటే చెబుతాను. పదిమంది ఒకేసారి రాసే డేటా అయితే మాత్రం మొదటి రోజు నుంచే పోస్ట్‌గ్రెస్ పెట్టుకోండి.