మా వీధి గానుగ నూనె: రుచికి వంక లేదు, బోర్డుతోనే పేచీ

మా వీధి చివర ఉన్న కట్టె గానుగలో ఆరు నెలలుగా పల్లీ నూనె కొంటున్నాము. ప్యాకెట్ నూనె కంటే ధర బాగా ఎక్కువైనా, కళ్లెదుటే ఆడించి ఇస్తారు; కందిపొడి అన్నంలో ఒక్క చెంచా కలిపితే ఆ కమ్మదనమే వేరు. వేపుళ్లకు కొంచెం నురగ వస్తుంది, సీసా అడుగున మడ్డి చేరుతుంది, అంతే.

నా అభ్యంతరం దుకాణం ముందున్న బోర్డుతో. ‘కొలెస్ట్రాల్ లేదు, ఎంత వాడినా గుండెకు మేలే’ అని దాని మీద రాశారు. మొదటి మాట నిజమే గాని, అసలు ఏ మొక్క నూనెలోనూ చెప్పుకోదగిన కొలెస్ట్రాల్ ఉండదు. రెండో మాటను నమ్మి, నెలకు 3 లీటర్లు వాడే మా నలుగురి ఇంట్లో వాడకం 5 లీటర్లకు చేరింది. అంటే మనిషికి రోజుకు సుమారు 38 గ్రాములు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2,000 కిలోకేలరీల ఆహారానికి సూచించినది 27 గ్రాములే.

కొవ్వు గుండెకు పరాయిది కాదు. గుండె కండరం తన శక్తిలో 60 నుంచి 70 శాతం వరకు కొవ్వు ఆమ్లాలను మండించే సంపాదించుకుంటుంది. చిక్కంతా కణానికి శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా మండించగలిగిన దానికంటే ఎక్కువ కొవ్వు లోపలికి చేరినప్పుడే వస్తుంది. మిగిలినదానిలో కొంత చిన్న బిందువులుగా నిలవ ఉంటుంది, దానితో వెంటనే పెద్ద ప్రమాదం లేదు. కాని పామిటిక్ ఆమ్లం అనే సంతృప్త కొవ్వు ఆమ్లంలో కొంత భాగం సెరీన్ అనే అమైనో ఆమ్లంతో కలిసి సెరమైడ్ అనే మరో రకం కొవ్వు పదార్థంగా మారి, ఇన్సులిన్ చెప్పే మాట కణానికి చేరకుండా అడ్డుపడుతుంది, మోతాదు మించితే కణాన్ని ఆత్మనాశనం వైపు నెడుతుంది. అలసిన మైటోకాండ్రియా నుంచి వెలువడే చురుకైన ఆక్సిజన్ అణువులు వాటి పొరలనే దెబ్బతీస్తాయి. ఇందులో చాలా భాగం ప్రయోగశాలలో పెంచిన కణాల్లోను, ఎలుకల్లోను గమనించినదే. అయినా పాతికేళ్ల వయసులో సైతం గుండె కండర కణాల్లో ఏటా 1 శాతం మాత్రమే కొత్తవి పుడతాయి కనుక, పోయిన కణం పోయినట్లే అనుకోవాలి.

ఈ లెక్కన పల్లీ నూనెకు న్యాయం చేయాలంటే ఒక మాట చెప్పాలి. పామాయిల్‌లో 44 శాతం దాకా పామిటిక్ ఆమ్లం ఉండగా, పల్లీ నూనెలో అది 10 శాతం దరిదాపుల్లోనే ఉంటుంది, ఒలీయిక్ ఆమ్లం అనే అసంతృప్త కొవ్వు ఆమ్లం ఎక్కువ. ఒలీయిక్ ఆమ్లం తోడుంటే పామిటిక్ ఆమ్లం సెరమైడ్ కాకుండా బిందువుల్లో సర్దుకుంటుందని కణాలపై చేసిన ప్రయోగాల్లో తేలింది. అయితే ఈ గుణం గింజది, గానుగది కాదు. పైగా ఏ నూనెలోనైనా గ్రాముకు 9 కిలోకేలరీలే.

నూనెకు అయిదింట నాలుగు చుక్కలు ఇస్తాను, బోర్డుకు ఒక్కటి కూడా ఇవ్వను. 5 లీటర్ల డబ్బాకు తగ్గింపు ఇస్తామన్నా ఈ నెల లీటరు సీసాలే మూడు తెచ్చాను.