పాత పట్టుచీర: జరీకి అమ్మాలా, పట్టులంగా కుట్టించాలా?

ముందు తేల్చుకోవలసింది జరీ ధర కాదు, పట్టు బలం. చీరను వెలుతురుకు ఎత్తి, ఏళ్ల తరబడి మడత పడిన గీతల మీద రెండు బొటనవేళ్లతో మెల్లగా లాగండి. పోగులు విడిపోతే ఆ బట్ట కుట్టుకు నిలవదు.

జరీకి అమ్మేటప్పుడు చూసేది వెండే. అసలు జరీలో పట్టుదారం మీద బంగారు పూత వేసిన వెండి తీగ చుడతారు. టెస్టెడ్ జరీలో ఉండేది రాగి తీగ, దానికి పెద్దగా ఏమీ రాదు. ఫాల్ విప్పి తీసుకెళ్లండి. వెండి ధర రోజూ మారుతుంది కాబట్టి ఒకేరోజు రెండు మూడు దుకాణాల్లో అడగండి. నేతపనికి మాత్రం ఎవరూ పైసా కట్టరు, చీరను కాల్చి వెండి తీస్తారు.

పట్టు గట్టిగా ఉంటే లంగాయే మేలు. ఐదున్నర మీటర్ల చీరలో ఎనిమిదేళ్ల పిల్లకు లంగాకు మూడు మీటర్లు చాలు, కొంగు జాకెట్టుకు వస్తుంది. మడత గీతలు కుచ్చిళ్లలోకి పోయేలా కత్తిరించాలి. లోపల నూలు లైనింగ్ తప్పనిసరి, బరువును అది మోయాలి. కొత్త 11 నంబరు సూది వాడండి. కుట్టు మరీ దగ్గరైతే బట్ట ఆ చిల్లుల వెంటే చిరుగుతుంది. విప్పినా సూది గుర్తులు పోవు, అందుకే ముందు పాత నూలుచీరతో కొలత సరిచూసుకోవాలి. నడుం దగ్గర నాలుగంగుళాలు లోపలికి మడిచి ఉంచితే పిల్ల ఎదిగాక విప్పుకోవచ్చు.

పట్టు పోయి అంచు బాగుంటే, అంచు కోసి కొత్త బట్టకు వేయించండి.