మొదటి మధ్యధరా ఆర్కిడ్‌గా ఏది మేలు: ఒఫ్రిసా, సెరాపియాసా?

మధ్యధరా ప్రాంతపు నేల ఆర్కిడ్లు పెంచాలన్న కోరిక చాలామందికి ఒఫ్రిస్ ఫొటో చూశాకే పుడుతుంది. ఒఫ్రిస్ స్పెక్యులమ్ పువ్వునే తీసుకోండి. కింది రేకు మధ్యలో నిగనిగలాడే నీలం మచ్చ, దాని చుట్టూ సన్నని పసుపు అంచు, ఆ అంచుకి ముదురు గోధుమరంగు నూగు. ఇంతా చేస్తే పువ్వు వేలిగోరంత. మగ కందిరీగ దాన్ని ఆడ కందిరీగ అనుకుని వచ్చి వాలుతుంది, పుప్పొడి ముద్దలు తలకంటించుకుని పోతుంది. పాపం, దానికి తేనె చుక్క కూడా దక్కదు. ఇలాంటి పువ్వు ముందు సెరాపియాస్ లింగ్వా ఎవరి కంటికీ ఆనదు: ఎర్రమట్టి రంగు ముసుగులోంచి బయటికి వేలాడే ఓ నాలుక, అంతే. అయినా మొదటి కుండీకి నా ఓటు సెరాపియాస్‌కే. ఎందుకో చెప్పాలంటే మట్టి కింద ఏం జరుగుతుందో ముందు చూడాలి.

ఈ రెండూ ఇంట్లో మామూలుగా కనిపించే ఫాలినాప్సిస్ ఆర్కిడ్ లాంటివి కావు. చెట్టు బెరడు ముక్కల్లో పెట్టి ఏడాది పొడవునా నీళ్లు పోస్తే బతకవు. ఉత్తరార్ధగోళంలో సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో చిగురు మట్టిని చీల్చుకుని బయటికొస్తుంది. చలికాలమంతా ఆకులు నేలకి ఆనుకుని గుత్తిగా పెరుగుతాయి. జాతిని బట్టి ఫిబ్రవరి నుంచి మే లోపు పూలు పూస్తాయి. జూన్ వచ్చేసరికి పైన ఏమీ మిగలదు, ఎండాకాలమంతా మట్టిలో దుంప మాత్రమే ఉంటుంది. దక్షిణార్ధగోళంలో ఉన్నవాళ్లు దీనికి ఆరు నెలలు కలుపుకోవాలి. పూలు పూసే రోజుల్లో మొక్క మొదట్లో మట్టి కాస్త తొలగించి చూస్తే రెండు దుంపలు కనిపిస్తాయి. ఒకటి గోధుమరంగుకు తిరిగి, ముడతలుపడి, నొక్కితే మెత్తగా ఉంటుంది. ఈ ఏడాది ఆకులకీ పూలకీ ఖర్చయిపోయింది అదే. రెండోది తెల్లగా, గట్టిగా, నిండుగా ఉంటుంది. వచ్చే ఏడాది మొక్క దానిలోంచే రావాలి.

ఒఫ్రిస్‌కీ సెరాపియాస్ లింగ్వాకీ అసలు తేడా ఇక్కడే. ఒఫ్రిస్ సాధారణంగా పాత దుంపకి బదులు ఒక్క కొత్త దుంపే పెడుతుంది. అది కుళ్లితే కథ ముగిసినట్టే. సెరాపియాస్ లింగ్వా అలా కాదు. ఒక దుంప మొదట్లోనే పెట్టి, ఇంకొన్నిటిని పొట్టి కాడల చివర పక్కలకి పంపుతుంది. అడవిలో ఇది గుంపులు గుంపులుగా కనిపించడానికి కారణం ఈ గుణమే. కుండీలోనూ అంతే: పరిస్థితులు కుదిరితే కొన్నేళ్లలో కుండీ నిండిపోతుంది. ఒకటి కుళ్లినా పక్కది ఉంటుంది. నేర్చుకునే రోజుల్లో ఇంతకంటే పెద్ద భరోసా ఇంకేం కావాలి?

మట్టి దగ్గరా సెరాపియాసే సర్దుకుపోతుంది. పుట్టిన చోట అది పొడి పొదల మధ్యా పెరుగుతుంది, చలికాలంలో చిత్తడిగా ఉండే గడ్డినేలల్లోనూ పెరుగుతుంది. కాస్త పుల్లనేల అయినా ఇబ్బంది లేదు. తోటమట్టి ఒక పాలు, ముతక ఇసుక ఒక పాలు, బాగా మాగిన ఆకుల ఎరువు ఒక పాలు కలిపితే చాలు. ఒఫ్రిస్ జాతుల్లో ఎక్కువ భాగం సున్నపురాతి నేలల్లో పుట్టినవి. వాటికి మిశ్రమంలో సగానికి పైగా పెర్లైట్, ప్యూమిస్, ముతక ఇసుక లాంటి నీరు నిలవని సరుకే ఉండాలి, పైగా గుప్పెడు సున్నపురాయి ముక్కలు పడాలి. పచ్చి పేడ, చిక్కటి ఎరువు రెండిటికీ పడవు. నత్రజని ఎక్కువైతే ఆకులు బలిసి, దుంప మాత్రం చిన్నదైపోతుంది. సెరాపియాస్‌కి పెరిగే కాలంలో డబ్బా మీద రాసినదానిలో నాలుగో వంతు ఎరువు అప్పుడప్పుడు ఇవ్వొచ్చు. ఒఫ్రిస్‌కి ఏమీ ఇవ్వకపోవడమే క్షేమం.

నీళ్ల సంగతికొస్తే, ఒఫ్రిస్ పెంచేవాళ్లకి టెన్షన్ అంతా చలికాలంలోనే. ఆకుల గుత్తి నేలకి అంటుకుని ఉంటుంది కదా, మధ్యలో నీటిచుక్క నిలిచి రాత్రంతా అలాగే ఉంటే అక్కడ బూజు పడుతుంది. రెండు మూడు రోజుల్లో మధ్య చిగురు నల్లబడి, లాగితే ఊడొస్తుంది. అందుకే పైనుంచి పోయకూడదు. కుండీ అంచు వెంట పోయాలి, లేదా కుండీని పావుగంట నీళ్ల పళ్లెంలో ఉంచి తీసెయ్యాలి. పొద్దున్నే పోస్తే సాయంత్రానికి ఆకులు ఆరిపోతాయి. గాలి ఆడటం మరీ ముఖ్యం. చల్లటి తడిగాలి కదలకుండా నిలిచిపోయే మూల ఎంత వెలుతురున్నా పనికిరాదు. సెరాపియాస్ ఆకులు సన్నగా, నిటారుగా లేస్తాయి. వాటిపై నీళ్లు పడ్డా జారిపోతాయి. అజాగ్రత్తగా ఉండమని కాదు, ఒకరోజు పొరపాటు జరిగినా మొక్క క్షమిస్తుంది.

ఎక్కడ పెట్టాలన్న విషయంలో మాత్రం రెండిటిదీ ఒకటే పట్టు. వేడి గది కిటికీ పనికిరాదు. చలికాలంలో రాత్రులు 2 నుంచి 10 డిగ్రీల మధ్య, పగళ్లు దానికి కాస్త పైన, వెలుతురు దొరికినంత ఉండాలి. వేడి చెయ్యని అద్దాల వరండా, చల్లటి గ్రీన్‌హౌస్, గాలి తగిలే బాల్కనీ అయితే నయం. వెచ్చటి గదిలో ఆకులు సాగిపోయి వాలిపోతాయి, పూలకాడ నిలబడదు. తేలికపాటి మంచు పడినా తట్టుకుంటాయి కానీ, కుండీ లోపలిదాకా గడ్డకట్టనివ్వకూడదు. చలికాలంలో కూడా రాత్రి 15 డిగ్రీల కిందికి దిగని చోట ఏదైనా కష్టమే. అలాంటి చోట ఈ రెండిట్లో ఏది మేలని తర్జనభర్జన పడటం అనవసరం.

కుండీ ఏది మేలు, మట్టిదా ప్లాస్టిక్‌దా అన్న వాదన ఈ మొక్కలు పెంచేవాళ్లలో తెగదు. నా లెక్క ఇది: ఒఫ్రిస్‌కి మట్టికుండీ, దాన్ని మెడదాకా ఇసుకలో పాతి ఉంచడం. మట్టికుండీ గోడలు ఊపిరి పీలుస్తాయి, చలికాలంలో అదనపు తడి బయటికి పోతుంది. ఎండాకాలంలో చుట్టూ ఇసుకని లేతగా తడిపితే ఆ చెమ్మ గోడలోంచి కొద్దికొద్దిగా లోపలికి చేరుతుంది. దుంప పూర్తిగా వడలిపోదు, అలాగని తడిసి కుళ్లదు. ప్లాస్టిక్ కుండీలో ఈ రెండు మేళ్లూ లేవు. తడి అడుగున నిలుస్తుంది, వేసవిలో ఎండకి వేడెక్కి లోపల దుంప ఉడికిపోయే ప్రమాదమూ ఉంది. సెరాపియాస్‌కి ప్లాస్టిక్ అయినా సరిపోతుంది, నీడలో పెడితే చాలు. లోతు మాత్రం చూసుకోవాలి. దుంప నాలుగైదు సెంటీమీటర్ల లోతున ఉండి, దాని కింద వేర్లకి ఇంకా జాగా మిగలాలి.

వేసవి నిద్రలోనే ఎక్కువ మొక్కలు పోతాయి. ఆకులు పసుపు పచ్చబడుతుంటే దాహమేస్తోందనుకుని ఇంకా పోసేవాళ్లుంటారు. ఆ టైములో చెయ్యాల్సింది సరిగ్గా దానికి వ్యతిరేకం: నీళ్లు తగ్గిస్తూ పోయి, ఆకులు ఎండాక ఆపెయ్యడం. కుండీ మార్చాలన్నా ఆగస్టు ప్రాంతంలోనే మార్చాలి. అప్పటికి పాత దుంప తొక్కగా మిగిలి ఉంటుంది, కొత్తదాని నెత్తిన చిన్న ముక్కులాంటి చిగురు కనిపిస్తుంది. ఆ ముక్కు పైకి ఉండేలా నాటాలి. అది విరిగితే ఏడాది పోయినట్టే.

కొనేటప్పుడు దుంపలు నొక్కి చూడండి, మెత్తటి మచ్చ ఉంటే వద్దు. అంతకంటే ముఖ్యం, గింజ నుంచి పెంచినవేనా అని అడగండి. ఆర్కిడ్ కుటుంబం మొత్తం సైటిస్ (ముప్పున్న మొక్కలు, జంతువుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే) ఒప్పందం కింద ఉంది, పైగా చాలా దేశాల్లో వీటిని అడవిలోంచి తవ్వడం నేరం. పానీయాల్లో వాడే సలెప్ అనే పొడి కోసం ఒఫ్రిస్, సెరాపియాస్, ఆర్కిస్ దుంపల్ని తవ్వడంతోనే ఎన్నో చోట్ల ఈ మొక్కలు పలచబడ్డాయి. గింజ నుంచి పెంచడం తేలిక కాదు. ధూళిలాంటి ఆ గింజలో తిండి నిల్వ ఉండదు, ఒక రకం శిలీంధ్రం తోడుంటేనే అది మొలుస్తుంది. ఈ సంగతి ఫ్రెంచి వృక్షశాస్త్రజ్ఞుడు నోయెల్ బెర్నార్డ్ 1899లో కనిపెట్టాడు. శిలీంధ్రం లేకుండా చక్కెర కలిపిన మాధ్యమంలో గింజలు మొలిపించవచ్చని అమెరికా వృక్షశాస్త్రజ్ఞుడు లూయిస్ నడ్సన్ 1922లో చూపించాడు. ఇప్పటికీ నర్సరీలవాళ్లు ఈ రెండు దారుల్లోనే నడుస్తున్నారు. ఎలా చూసినా పూత రావడానికి ఏళ్లు పడుతుంది. కాబట్టి అనుమానం వచ్చేంత చవగ్గా ఇస్తున్నారంటే అనుమానించడమే మంచిది.

ఇంకో రెండు పేర్లు కూడా వినిపిస్తుంటాయి. అనకాంప్టిస్ లాక్సిఫ్లోరా తడిగడ్డి మైదానాల మొక్క. పెరిగే కాలంలో తడి ఎక్కువైనా ఓర్చుకుంటుంది కాబట్టి నీళ్లు పొయ్యకుండా ఉండలేని వాళ్లకి నప్పుతుంది. హిమాంటోగ్లోసమ్ రాబర్టియానమ్ ఎనభై సెంటీమీటర్ల దాకా లేచే భారీ మొక్క, మొండిది, చలికాలం చివర్లోనే పూస్తుంది, వాసనా బాగుంటుంది. కాకపోతే దానికి పెద్ద కుండీ, జాగా రెండూ కావాలి.

సెరాపియాస్ రెండు వేసవులు దాటి మళ్లీ చిగురిస్తే నీళ్లు ఎప్పుడు ఆపాలో మీకు వచ్చేసినట్టే. అప్పుడు ఒఫ్రిస్ తెచ్చుకోండి, కానీ ముందు స్పెక్యులమ్ వద్దు. ఒఫ్రిస్ టెంత్రెడినిఫెరాతో గానీ, ఒఫ్రిస్ అపిఫెరాతో గానీ మొదలుపెట్టండి. అపిఫెరాలో ఒక తమాషా ఉంది. పుప్పొడి ముద్దలు సన్నని కాడల మీద ముందుకి వంగి, గాలికి ఊగి, తమ పువ్వు కీలాగ్రానికే తగులుకుంటాయి. తేనెటీగ రాకపోయినా కాయలు పడతాయన్నమాట. ఆ కాయలు ముదిరితే కొత్త దుంపకి చేరాల్సిన బలమంతా గింజలకి పోతుంది. కాబట్టి పూలు వాడుతుండగానే కాడ కత్తిరించేసి, ఆకుల్ని మాత్రం వాటంతట అవి ఎండేదాకా అలాగే ఉంచండి.